పద్దెనిమిది నిమిషాల నలభై సెకన్లు

వాచీల కొట్టు. పొద్దున తొమ్మిదైంది, షట్టరు సగమే లేచింది. గల్లాకి అవతల కొట్టు యజమాని, ఇవతల అతని అక్క మొగుడు. ఈ బావగారు ఇరవై రెండేళ్ళుగా ఫైరింజను నడుపుతున్నారు గానీ, పరుగుకి వాచీ ఎంచుకోవడం మాత్రం ఆయనకి ఇదే మొదటిసారి. అప్పటికే ఆరు వాచీలు పెట్టెల్లోంచి బయటికొచ్చాయి, ఏడోది వస్తోంది.

“ఇదీ వద్దురా.”

“దీనికేమొచ్చింది బావా?”

“బరువు.”

“నలభై గ్రాములు! నీ తాళాల గుత్తి ఇంతకి నాలుగింతలుంటుంది.”

“తాళాల గుత్తి పట్టుకుని నేను పరిగెత్తనుగా. అసలే ఎనభై నాలుగు కిలోలు మోసుకుంటూ పరిగెడుతున్నాను. దాని మీద ఇంకో నలభై గ్రాములా? గాడిదైనా మొరాయిస్తుందిరా.”

“పొట్ట లోపలికి పీల్చుకుని మాట్లాడకు బావా, గొంతు సన్నగా వస్తోంది.”

“పీల్చుకుంటేనే ఇంత. వదిలేస్తే నీ గల్లా వెనక్కి జరుగుతుంది. మా స్టేషన్లో కుర్రాళ్ళేమంటారో తెలుసా? మనకి రెండు ట్యాంకర్లున్నాయి, ఒకటి చక్రాలది, రెండోది బూట్లదీ అంటారు.”

“మరి బూట్ల ట్యాంకరు గారికి ఏదో ఒకటి నచ్చాలిగా. ఇది చూడు. మంచి వెలుతురు, ముట్టుకుంటే చాలు, పేజీ మారుతుంది.”

“ముట్టుకుంటేనా? చెమట వేలితో ముట్టుకుంటే?”

“ఒక్కోసారి మారదు.”

“నాకు వేలొక్కటే కాదురా, మోచేతి దాకా చెమటే. నేను పరిగెడుతుంటే నా కింద నేల తడుస్తుంది. బొత్తాలున్నది చూపించు.”

“ఇదిగో, అయిదు బొత్తాలు. బంగారం లాంటి వాచీ.”

“ఆ అంకెలేంట్రా, చీమలు పాకినట్టు? పరుగు మధ్యలో ఆగి, జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూడాలా?”

“పెద్దవి చేసుకోవచ్చు. ఇలా నొక్కితే... చూడు.”

“ఆఁ, ఇప్పుడు కనిపిస్తోంది. చార్జింగు?”

“రోజు విడిచి రోజు పెట్టాలి.”

“వద్దు. ఇంట్లో ముందు నన్నే చార్జింగుకి పెట్టాల్సిన పరిస్థితి. పక్కది?”

“బావా, ఇవాళ శుక్రవారం. ఎల్లుండే నీ పరీక్ష. నువ్వు ఎంచుకునేసరికి సోమవారం వచ్చేలా ఉంది.”

“వస్తే బాగుండు.”

“ఏంటీ?”

“ఏం లేదు. ఆ నల్లది తియ్యి.”

“తీస్తాను. ఇంకోసారి చెప్పు, అసలెంత దూరం, ఎంతసేపట్లో?”

“రెండు వేల నాలుగొందల మీటర్లు. కుర్రాళ్ళకి పదిహేను నిమిషాలు. నలభై అయిదు దాటిన ముసలి గుర్రాలకి పద్దెనిమిది.”

“తప్పితే?”

“బండి దిగాలి. కంట్రోల్ రూములో టెలిఫోను దగ్గర కూర్చోవాలి. ‘నమస్కారం, అగ్నిమాపక కేంద్రం, ఎక్కడ తగలబడుతోందండీ’ అని మర్యాదగా అడగాలి. చల్లటి గది, చక్రాల కుర్చీ. ఎలాగూ డ్రైవర్నే కదా, అటూ ఇటూ కుర్చీ నడుపుకుంటాను.”

“అలా అనకు బావా, వినడానికే బాగాలేదు. నువ్వు బండి దిగడమేంటి? వీధి చివర సైరన్ వినబడితే, బేరం మధ్యలో ఆపి మరీ చెప్తాను, మా బావ వెళ్తున్నాడని.”

“ఒక్కోసారి అది అంబులెన్సురా.”

“అయినా చెప్తాను.”

“అంబులెన్సులో ఉన్నది నేనే అనుకుంటారు వాళ్ళు.”

“అనుకోనీ. సరే, ఇప్పుడెంతలో పరిగెడుతున్నావ్?”

“పద్దెనిమిది నలభై.”

“నిన్న?”

“పద్దెనిమిది నలభై ఒకటి.”

“మొన్న?”

“ముప్పై తొమ్మిది. ఇదిగో, డైరీలో రాసుకుంటున్నాను. ఆర్నెల్లు.”

“అబ్బా! నలభై సెకన్లేనా కొరత? నలభై సెకన్లంటే ఏముంది బావా, లేచి మంచినీళ్ళు తాగొచ్చేంతసేపు.”

“ఆ మంచినీళ్ళే నాకు గొంతులో అడ్డం పడుతున్నాయి. పుట్టడమే అంతరా. అన్నిటికీ కాస్త ఆలస్యంగా చేరతాను. పెళ్ళికి కూడా.”

“కాస్తా? గంటన్నర! నువ్వు పారిపోయావనుకుని మా నాన్న కుర్చీలో కూలబడిపోయాడు.”

“పారిపోదామనే అనుకున్నాను. అంత దూరం పరిగెత్తలేక వచ్చేశాను.”

“ఇంతకీ చేతికి పాత వాచీ ఉందిగా. ఉన్నట్టుండి ఈ జీపీఎస్ సరదా ఏంటి?”

“సరదా కాదురా. పరీక్ష కొత్త మైదానంలో పెట్టారు. ఇప్పటిదాకా స్టేషన్ వెనక నా దారిలో నాకన్నీ గుర్తులే. నీళ్ళ ట్యాంకు దగ్గరికి ఎన్ని నిమిషాలవ్వాలి, మిల్లు గోడ దగ్గరికి ఎన్నవ్వాలి, అన్నీ లెక్కే. అక్కడ ఒట్టి గడ్డి. ఎక్కడున్నానో, ఎంత వేగంలో ఉన్నానో తెలీకపోతే తేడా వస్తుంది.”

“చచ్చీచెడీ గట్టిగా పరిగెత్తేస్తే సరి. తేడా ఏముంది అందులో?”

“నీకు తెలీదులే. నువ్వెప్పుడైనా పరిగెత్తావా?”

“నేను అమ్ముతాను బావా, పరిగెత్తను. పోయినేడు ఒకటి పెట్టుకున్నాను. గంటకోసారి లేవండి, లేచి తిరగండి అని వణికేది. విసుగొచ్చి విప్పి ఫ్రిజ్ మీద పెట్టాను. అక్కడ్నుంచి ఫ్రిజ్‌ని లేవమనేది.”

“నిన్ను లేపడం కన్నా ఫ్రిజ్‌ని లేపడం తేలిక. సరే, ఈ నల్లది ఏం చేస్తుంది?”

“ఏం చెయ్యదని అడుగు. నిద్ర కూడా చెప్తుంది. ఎప్పుడు పడుకున్నావ్, మధ్యలో ఎన్నిసార్లు లేచావ్—”

“తీసెయ్.”

“ఏది?”

“ఆ వాచీ. నా నిద్ర సంగతి దానికెందుకు?”

“ఏం, నిద్ర పట్టట్లేదా?”

“పడుతుంది, పడుతుంది. బ్రహ్మాండంగా పడుతుంది. ఆ పక్కదేంటి?”

“ఇది కిలోమీటరుకోసారి మోగి, శభాష్ అంటుంది.”

“వద్దురా బాబూ. పెళ్ళైన ఇరవై ఏళ్ళలో ఎవరూ అనని మాట. ఇప్పుడు మణికట్టు అంటే తట్టుకోలేను.”

“ఇది ఒంటి వయసు చెప్తుంది.”

“అది చెప్తే నువ్వు ఊరంతా చెప్తావ్.”

“నీకేం కావాలో ఒక్క ముక్కలో చెప్పు బావా.”

“దూరం, సమయం, వేగం. మిగతాది మూసుకుని కూర్చోవాలి.”

“అయితే ఇదే. ఈ బూడిద రంగుది. చూడ్డానికి బీదగా ఉంటుంది గానీ దూరం దగ్గర ఖచ్చితం. చార్జింగు రెండు వారాలొస్తుంది. ముప్పై గ్రాములే.”

“ఖచ్చితం అంటే?”

“నువ్వు రోడ్డుకి ఈ పక్కన పరిగెత్తావా ఆ పక్కనా అన్నది కూడా తెలిసిపోతుంది.”

“మరి... పరిగెత్తిందంతా అందులో ఉండిపోతుందా?”

“ఉంటుంది. ఎక్కడ ఎంత వేగం, ఎక్కడ ఆగావ్, అన్నీ.”

“చెరిపెయ్యొచ్చా?”

“చెరపడమెందుకు?”

“ఊరికే. చోటు నిండిపోదూ?”

“రోజూ పరిగెత్తినా ఏళ్ళకేళ్ళు నిండదు.”

“నా పొట్ట గురించీ అలాగే అనుకునేవాణ్ణి.”

“బావా, అయిందా? నచ్చిందా?”

“నచ్చినట్టే. పెట్టు చేతికి.”

“పట్టీ ఆఖరి బెజ్జం దాకా వచ్చింది.”

“మణికట్టుకీ పొట్ట ఉందిరా నాకు.”

“విను. రేపు పొద్దున నీ దారిలోనే పరిగెత్తు. బయల్దేరే ముందు ఆరుబయట కదలకుండా కాసేపు నిలబడు. ఉపగ్రహాలు దొరకగానే మోగుతుంది, అప్పుడు ఈ బొత్తాం నొక్కి పరిగెత్తు. అయ్యాక మళ్ళీ ఇదే. తిన్నగా ఇక్కడికి రా. మధ్యలో ఇంకేం నొక్కకు, ఏం చెరపకు.”

“అంటే పైనుంచి ఉపగ్రహాలు నా పరుగు చూస్తాయా?”

“చూస్తాయి.”

“వాటి ఖర్మ.”

శనివారం పొద్దున, అదే కొట్టు. బావగారి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. బూడిద రంగు వాచీ గల్లా మీదుంది, అందులో ఉన్న సంగతులన్నీ బావమరిది ఫోన్లోకి చేరుతున్నాయి.

“ఇది పనికిరాదు. ఇంకోటివ్వు.”

“ముందు కూర్చో. ఏమైంది?”

“అబద్ధాలు చెప్తోంది. రెండు వేల నాలుగొందలకి మూడు వేల రెండొందలు చూపిస్తోంది.”

“ఎనిమిదొందల తేడానా? రాదే! ఎత్తైన మేడల మధ్యైతే పదో ఇరవయ్యో అటూ ఇటూ అవుతుంది గానీ...”

“మేడల్లేవు, మిద్దెల్లేవు. మిల్లు గోడొక్కటే ఉంది.”

“ఇదిగో గీత. మీ గేటు, నీళ్ళ ట్యాంకు, మిల్లు గోడ, మలుపు, మళ్ళీ గేటు. రోడ్డు మీద సున్నం పోసినట్టుంది. వాచీ తప్పు కాదు బావా.”

“నేను కొలిచానురా ఆ దారి!”

“దేంతో?”

“హోసు పైపుతో.”

“దేంతో?”

“హోసు పైపుతో. ఎందుకలా చూస్తావ్? మేం దేన్నైనా అలాగే కొలుస్తాం. ఆ ఇల్లెంత దూరమంటే నాలుగు హోసులు, ఈ బావి ఎంత దూరమంటే ఏడు. నీళ్ళందుతాయా లేదా కావాలి గానీ, మీటర్లెవడిక్కావాలి? ఇద్దరు కుర్రాళ్ళని పెట్టి, కొసకి కొస తగిలించి, గేటు దగ్గర్నుంచి గేటు దాకా కొలిచాను. నూట అరవై హోసులు. హోసు పదిహేను మీటర్లు. నూట అరవై పదిహేన్లు రెండు వేల నాలుగొందలు. పరుగు రాకపోయినా ఎక్కాలొచ్చురా నాకు.”

“హోసు పదిహేనని ఎవరన్నారు?”

“ఎవరో అనడమేంటి? నేను ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ పదిహేనే.”

“మీకు నిరుడు కొత్తవి వచ్చాయన్నావ్. పసుపు రంగువి. చుట్టలేక చస్తున్నాం అన్నావ్.”

“వచ్చాయి.”

“ఏ హోసులతో కొలిచావ్?”

“...అవి తేలిగ్గా ఉంటాయని...”

“పసుపువి ఎంత పొడుగు?”

“ఇరవై.”

“నూట అరవై ఇరవైలు ఎంత?”

“తెలుసులేరా. ఎక్కాలొచ్చన్నానుగా.”

“బావా! నీకర్థమవుతోందా? నువ్వు రోజూ మూడు వేల రెండొందలు పరిగెడుతున్నావ్! పద్దెనిమిది నలభైలో! అంటే రెండు వేల నాలుగొందలకి... ఉండు, ఉండు... పద్నాలుగు! సరిగ్గా పద్నాలుగు నిమిషాలు! కుర్రాళ్ళకి పెట్టిన పదిహేను కూడా నీ వెనకే! ట్యాంకరన్నవాళ్ళని పిలు, నేను మాట్లాడతాను!”

“మెల్లిగా మాట్లాడరా, రోడ్డు మీదికి వినబడుతోంది.”

“వినబడనీ! టీ చెప్పనా? అక్కకి ఫోన్ చెయ్యనా?”

“వద్దు.”

“ఏం?”

“వద్దన్నానా! ఆ ఫోను అక్కడ పెట్టు.”

“నీకు సంతోషంగా లేదా?”

“ఉంది. చాలా ఉంది. చూడు, నవ్వుతున్నాను.”

“అది నవ్వు కాదు బావా. పన్ను పీకించుకోడానికి నోరు తెరిచినట్టుంది.”

“నాకదే నవ్వు. వస్తానిక, డ్యూటీకి టైమవుతోంది—”

“ఆగాగు. ఇదేంటి?”

“ఏది?”

“ఇక్కడ, మిల్లు గోడ మలుపులో. యాభై సెకన్లు నువ్వు కదల్లేదు.”

“బూటు లేసు కట్టుకున్నాను.”

“నీ బూట్లకి లేసులేవీ? అతికించే పట్టీలేగా.”

“పట్టీలు అతికించుకున్నాను.”

“యాభై సెకన్లా?”

“రెండు కాళ్ళున్నాయిరా నాకు.”

“ఆఖరి వంద మీటర్లు ఇది పరుగు కాదు, నడక. గేటు ముందు మళ్ళీ పన్నెండు సెకన్లు నిలబడ్డావ్. గేటు కళ్ళెదురుగా పెట్టుకుని ఎవరైనా ఆగుతారా?”

“కుక్కుంది.”

“కుక్కుంటే జనం ఇంకా గట్టిగా పరిగెడతారు బావా. పైగా గుండె చూడు. చివర్లో నూట పది. నేనీ మూడు మెట్లెక్కితేనే నూట ఇరవై. ఆయాసపడ్డ గుండె కాదిది.”

“గుండె సంగతి దానికెందుకు? మూసుకుని కూర్చునే వాచీ కావాలన్నానుగా!”

“అన్నిటికీ ఉంటుందది. నువ్వడగలేదు, నేను చెప్పలేదు. ఆ డైరీ ఇలా ఇవ్వు.”

“డైరీ ఎందుకు?”

“ఇవ్వు బావా. పద్దెనిమిది నలభై. నలభై ఒకటి. ముప్పై తొమ్మిది. నలభై. నలభై. ఇదేంటి, జ్వరం అని రాశావ్?”

“మూడ్రోజులు జ్వరమొచ్చింది.”

“లేచిన మర్నాడు కూడా పద్దెనిమిది నలభై! వానొచ్చినా పద్దెనిమిది నలభై, ఎండ కాసినా పద్దెనిమిది నలభై. నలభై సెకన్లు తగ్గించలేక చస్తున్న మనిషికి, ఆర్నెల్లలో ఒక్క రోజు, పొరపాటునైనా, ఒక్క పది సెకన్లు తగ్గదా? ఒక రోజు కాలు నొప్పెట్టి పంతొమ్మిది అవదా?”

“క్రమశిక్షణ.”

“బావా.”

“ఏంటి?”

“నా మొహం చూసి చెప్పు.”

“నీ మొహం చూడ్డానికేముందిరా, ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను.”

“మలుపులో వాచీ చూసుకుంటూ నిలబడ్డావ్ కదూ? ఇంకా టైముందని.”

“గట్టిగా అనకు, షట్టరు తీసే ఉంది.”

“బావా, కూర్చో. ఎవరూ రారు, షట్టరు దించేస్తాను.”

“ఆర్నెల్లుగా నేను పరిగెడుతున్నది నెగ్గడానిక్కాదురా.”

“మరి?”

“తప్పడానికి.”

“తప్పడానికా!”

“నలభై సెకన్లతో. రెండు నిమిషాలతో తప్పితే వెక్కిరిస్తారు. రెండు సెకన్లతో తప్పితే ఆఫీసరు గారు జాలిపడి, పోనీలెమ్మని పాస్ చేసేస్తారు. నలభై అయితే అటు వెక్కిరింతా లేదు, ఇటు జాలీ లేదు. పాపం శాయశక్తులా పరిగెత్తాడు, మోకాళ్ళు సహకరించలేదంటారు. బాగా లెక్కేసుకున్నాను. ఓడిపోవడం కోసం ఆర్నెల్లు తెల్లారగట్ల లేచి ఒళ్ళు హూనం చేసుకున్నవాడు ఇంకెక్కడా ఉండడు. తీరా చూస్తే ఆ ఓడిపోయే పరుగుతోనే నెగ్గేలా ఉన్నాను. ఓడిపోవడం కూడా చేతకానివాణ్ణేమంటారురా?”

“ఎందుకు బావా? బండంటే నీకు ప్రాణం కదా.”

“ప్రాణమే.”

“మరెందుకు?”

“ఊరికే. కుర్చీకి చక్రాలుంటాయని.”

“వేళాకోళం వద్దు. నువ్వీ పరుగు మొదలెట్టింది ఎప్పుడు? ఆ పరుపుల గోడౌన్ తగలబడ్డాకే కదా?”

“ఏ గోడౌను?”

“బావా...”

“ఆఁ. దాని తర్వాతే.”

“ఆ రోజు ఎవరికీ ఏం కాలేదుగా. పేపర్లో మీ ఫొటో కూడా వేశారు.”

“ఎవరికీ ఏం కాలేదు. అందుకే ఎవరికీ తెలీదు.”

“ఏం తెలీదు?”

“నా పనేంటో తెలుసుగా నీకు. బండి నడపడం సగమే. అక్కడ ఆపాక పంపు దగ్గర నిలబడాలి. లోపలికెళ్ళినవాళ్ళు నీళ్ళూ అని అరవగానే పిడి తిప్పాలి. అంతే, ఎవరైనా తిప్పుతారు. ఆ రోజు ఇద్దరు లోపలికెళ్ళారు. నీళ్ళూ అన్నారు. చెయ్యి పిడి మీదే ఉంది. తిరగలేదురా.”

“పిడి బిగుసుకుపోయిందా?”

“పిడి కాదు. చెయ్యి. నా చెయ్యే, నా కళ్ళెదురుగానే ఉంది, నా మాట వినట్లేదు. మళ్ళీ అరిచారు. ఇంకోసారి అరిచారు. అప్పుడు తిరిగింది. బయటికొచ్చి, పైపు మెలిక పడిందా అన్నా అనడిగారు. మెలికే అన్నాను.”

“ఎంతసేపు?”

“ఏమో. ఆ రోజు వాచీ చూసుకోలేదు.”

“ఎవరికీ చెప్పలేదా?”

“ఏమని చెప్పను? మోకాళ్ళు పోయాయంటే కుర్చీ వేస్తారు. భయం పుట్టిందంటే ఏం వేస్తారు? భయంరా నాకు. ఇదిగో, అనేశాను. చాలా భయం. నాకేదో అవుతుందని కాదు. వాళ్ళు లోపలుండగా మళ్ళీ ఈ చెయ్యి తిరక్కపోతే? గంట మోగిన ప్రతిసారీ ఇదే. బండెక్కుతూ ఏదో ఒక జోకేస్తాను. వాళ్ళు పడీపడీ నవ్వుతూ నా వెనకెక్కుతారు. నన్ను నమ్మి ఎక్కుతార్రా వాళ్ళు.”

“నాతో ఒక్క మాట అనాల్సింది బావా.”

“నీతోనా? అంబులెన్సెళ్ళినా మా బావే అనేవాడివి. నీతో ఎలా అంటాను? ఏడవకు. గల్లా తడిస్తే వాచీలు పాడవుతాయి.”

“ఏడవట్లేదు. రేపేం చేస్తావిప్పుడు?”

“చేసేదేముంది, ఇప్పుడు సరైన వాచీ దొరికిందిగా, సరిగ్గా ఓడిపోతాను. నిజం రెండు వేల నాలుగొందలకి పద్దెనిమిది నలభై అంటే అది దాదాపు నడకే. అంత నిదానం నాకు అలవాటు లేదు. సాధనకి ఇవాళొక్కటే ఉంది.”

“నవ్వు రావట్లేదు బావా. ఆఫీసరు గారికి ఉన్నదున్నట్టు చెప్పెయ్యొచ్చుగా.”

“చెప్పొచ్చు. చాలాసార్లు ఆయన గది ముందు దాకా వెళ్ళాను. గుమ్మం దగ్గర ఏదో జోకొస్తుంది. ఆయన నవ్వుతాడు. నేను తిరిగొచ్చేస్తాను.”

“పోనీ అక్కకి చెప్పు.”

“అమ్మో! మీ అక్కకి మాత్రం తెలియకూడదు. నీకు దణ్ణం పెడతాను.”

“ఏం చేస్తుంది చెప్తే?”

“ఆ బండి చూసే కదరా నన్ను చేసుకుంది, ఈ మొహం చూసా? ఆర్నెల్లుగా నాకన్నా ముందు లేచి బూట్లు గుమ్మం దగ్గర పెడుతోంది. ‘వెళ్ళిరండి, ఈసారీ మీరే నెగ్గాలి’ అంటోంది. రేపు మైదానానికొస్తుందట, పక్కింటివాళ్ళని వెంటేసుకుని. ఆవిడ ముందు ఓడిపోవడమే ఎక్కువ. కావాలని ఓడిపోయానని తెలిస్తే, నాకు భయమని తెలిస్తే, నా మొహం ఇంక చూస్తుందా?”

“బావా... నిన్న నువ్వు రాకముందు అక్క వచ్చింది ఇక్కడికి.”

“మీ అక్కా? కొట్టుకా? ఎందుకు?”

“నేను ఒప్పుకోలేదు. మా బావనంత మాటంటావా అని పోట్లాడి పంపించేశాను. తప్పు నాదే.”

“ఎందుకొచ్చిందిరా?”

“‘పొయ్యి వెలిగించాలన్నా ఆయన చేతులు వణుకుతున్నాయిరా. నేనడిగితే జోకులేస్తున్నారు, నేనూ నవ్వుతున్నాను. ఆయనకి తెలియకుండా ఒక తప్పుడు వాచీ అంటగట్టరా తమ్ముడూ, ఎల్లుండి పరీక్షలో ఎలాగైనా ఆయన ఓడిపోవాలి’ అంది.”